ఊరికో పని: గుంటూరు నుంచి పలాస దాకా ఎనిమిది రోజులు

ఇంటికి చేరి నాలుగు రోజులైనా కారు డిక్కీ తెరిస్తే ఇంకా మిరప ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంది. ఆ ఘాటు పోయేలోపే ఈ ప్రయాణాన్ని కాగితం మీద పెట్టాలని కూర్చున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పాను. ఏ పరిశ్రమ ఏ ఊళ్లో ఎందుకు పాతుకుంటుంది, ఒక ప్రాంతం ఎందుకు పెరుగుతుంది, పక్క ప్రాంతం ఎందుకు ఎండిపోతుంది అనే పాఠం ఏటా వచ్చేది. లాంకషైర్ బట్టల గురించి, జర్మనీలోని రూర్ లోయ బొగ్గు గురించి చెప్పేవాణ్ణి గానీ, మన గుంటూరు మిర్చియార్డులోకి నేనెన్నడూ అడుగు పెట్టలేదు. ఉద్యోగ విరమణ తర్వాత ఆ లోటు తీర్చుకోవాలనిపించింది. తోడుగా మా బావమరిది వచ్చాడు. అతను గోదావరి జిల్లాల్లో బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసి రిటైరైనవాడు. ఏ ఊళ్లో దిగినా అతనికి ఒక పాత ఖాతాదారు కనిపిస్తాడు.

మేము బయలుదేరిన హైదరాబాదు సంగతి ఒక్క మాటలో చెప్పాలి. 2023-24లో తెలంగాణ నుంచి జరిగిన ఐటీ ఎగుమతుల విలువ 2.68 లక్షల కోట్ల రూపాయలు; అందులో దాదాపు అంతా ఈ ఒక్క నగరం, దాని పడమటి అంచు చేసిన పని. తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలోనే మొదటి స్థానంలో ఉంది. అలాంటి నగరంలో ఉంటూ మిగతా ఊళ్లు దేనితో బతుకుతున్నాయో తెలుసుకోకపోవడం నాకు తప్పుగా తోచింది.

ఫిబ్రవరి 9, మిర్యాలగూడ, పిడుగురాళ్ల

విజయవాడ దారి వదిలి నార్కట్‌పల్లి దగ్గర కుడివైపుకు తిరిగాం. నల్లగొండ దాటిన చాలాసేపటికి ఎర్రనేల పోయి పచ్చదనం మొదలైంది, దాని వెంటే రైసుమిల్లుల పొగగొట్టాలు కనిపించాయి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు వచ్చాక వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట లారీలు, హమాలీలు, బ్యాంకులు వచ్చి మిర్యాలగూడ పెద్ద పట్టణమైంది. ఒక కాలువ ఊరి బతుకునంతా మార్చిన తీరు కారు అద్దంలోంచే కనిపిస్తుంది.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటాక లెక్క మారిపోయింది. దాచేపల్లి నుంచి పిడుగురాళ్ల దాకా ఉన్నదంతా సున్నపురాయి నేల. సిమెంటు కర్మాగారాలు, సున్నం బట్టీలు వరుసగా ఉన్నాయి. రోడ్డు పక్క వేపచెట్ల ఆకులు కూడా తెల్లగా కనిపించాయి. ఇక్కడి కారణం తేలికగానే అర్థమవుతుంది. కాల్చాక రాయి బరువు దాదాపు సగం తగ్గుతుంది. అంత బరువును దూరం మోసుకుపోవడం కన్నా బట్టీని రాయి దగ్గరికే తేవడం లాభం. కాబట్టి రాయి ఉన్నన్నాళ్లూ ఆ పని ఇంకో ఊరికి పోదు. అయితే ఆ దుమ్మూ ఆ ఊరిని వదలదు.

పిడుగురాళ్లలో బస్టాండుకు దగ్గరగా ఉన్న మెస్సులో మధ్యాహ్న భోజనం చేశాం. మనిషికి 120 రూపాయలు. వడ్డించినామె మమ్మల్ని అడగకుండానే కందిపొడి మీద రెండోసారి నెయ్యి వేసి, "హైదరాబాదు నుంచి వచ్చారు, ఆకలి మీదుంటారు" అంది. పక్క బల్ల దగ్గర బట్టీ పనివాళ్లు ముగ్గురు కూర్చున్నారు. వాళ్ల కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి, చేతులు మాత్రం మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కుని వచ్చారు.

ఫిబ్రవరి 10, గుంటూరు

మిర్చియార్డుకు పొద్దున్నే ఆరున్నరకు వెళ్లాం. గేటు ఇంకా కొంత దూరంలో ఉండగానే గొంతులో గరగర మొదలైంది. లోపల ఎటు చూసినా టిక్కీలే. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోనెబస్తా. సుమారు నలభై కిలోలు పైగా తూగుతుంది. ముఠా కార్మికులు వాటిని వీపు మీద వేసుకుని ఆ సందుల్లో దాదాపు పరుగెత్తుతున్నారు. నేను, మా బావమరిది ముక్కుకు కండువాలు కట్టుకుని తుమ్ముతుంటే వాళ్లు మాకు దారి ఇచ్చి మరీ వెళ్లారు.

కొనుగోలుదారు సరుకు చూసే పద్ధతిని అరగంట సేపు పక్కన నిలబడి చూశాను. టిక్కీ కుట్టు విప్పి, అడుగు దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తాడు. గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. మరొకదాన్ని రెండు వేళ్ల మధ్య నలుపుతాడు. మెత్తగా ఒంగితే తేమ ఉన్నట్టు. తర్వాత ఎండలోకి తెచ్చి రంగు చూస్తాడు. మచ్చబడి తెల్లబారిన కాయలను తాలు అంటారు; గుప్పెట్లో నాలుగు తాలు కాయలుంటే ధర మారిపోతుంది. ఇదంతా నిమిషంలోపు అయిపోతుంది. ఆ నిమిషం కోసం రైతు ఆరు నెలలు చేలో ఉన్నాడు.

అలాంటి రైతు ఒకాయన తన టిక్కీల మీదే దుప్పటి పరుచుకుని రాత్రి నిద్రపోయాడు. ఆదోని వైపు నుంచి వచ్చానన్నాడు. అంత దూరం నుంచి లారీ కిరాయి పెట్టుకుని ఇక్కడికే ఎందుకు తెచ్చావని అడిగాను.

"ఆడ కొనేటోళ్లు నలుగురు సార్. నలుగురూ ఒక మాట మీద ఉంటే మనం ఏం జేస్తాం? ఈడ ఒకడు కాదంటే ఇంకొకడు ఉంటాడు. ఎవురూ కొనకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి పోతా" అన్నాడు.

నేను తరగతిలో గంట సేపు చెప్పేదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. అమ్మేవాళ్లు ఎక్కువ వస్తారు కాబట్టి కొనేవాళ్లు వస్తారు; కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి అమ్మేవాళ్లు ఇంకా దూరం నుంచి వస్తారు. గుంటూరు చుట్టూ నూటికి పైగా శీతల గిడ్డంగులున్నాయి. అక్కడ పెట్టిన సరుకును ఏసీ సరుకు అంటారు. గిడ్డంగి ఇచ్చే బాండు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. మా బావమరిది ఇక్కడ గొంతు సవరించుకుని, "బావగారూ, పంట కన్నా ఆ బాండే రైతును నిలబెట్టింది. లేకపోతే కోసిన రోజే తెగనమ్ముకోవాల్సిందే" అన్నాడు. అయితే ధర పడుతూనే పోయిన ఏడాదిలో అద్దె, వడ్డీ కలిసి సరుకు విలువనే తినేసిన సంగతీ అతనే చెప్పాడు.

తేజ రకం ఎక్కువగా చైనాకు వెళ్తుందని కమీషన్ ఏజెంటు దుకాణంలో చెప్పారు. బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్, మలేషియాలకూ ఇక్కడి నుంచే వెళ్తాయి. ఆ దుకాణం గుమస్తా ఫోను పెట్టెయ్యగానే అతని ముఖం చూసి బయట కూర్చున్న రైతులు ఆనాటి ధర ఎటు పోతుందో ఊహించుకుంటున్నారు. ధర ఇక్కడ పలుకుతుంది గానీ ఇక్కడ పుట్టడం లేదు.

మధ్యాహ్నం ఊరి చివర తొడిమలు తీసే షెడ్డుకు వెళ్లాం. ఎగుమతి సరుకుకు తొడిమ ఉండకూడదు. వందమంది దాకా ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు చుట్టుకుని, కుప్పల చుట్టూ కూర్చుని ఒక్కొక్క కాయా తుంచుతున్నారు. తీసిన కాయల తూకాన్ని బట్టి కూలి. ఒకామె వేళ్ల చివర్లు ఎర్రగా, నునుపుగా ఉన్నాయి, గీతలు చెరిగిపోయాయి. "ఇంటికెళ్లినాక చేతులు మజ్జిగలో నానబెట్టుకుంటానయ్యా. అయినా గంట దాకా పిల్లోణ్ణి ఎత్తుకోను" అంది. ఆ మాట అన్నాక మళ్లీ పనిలో పడిపోయింది, ఎందుకంటే మాట్లాడినంతసేపూ తూకం పెరగదు. ఎగుమతి అనే మాట వినగానే ఇక నాకు ఓడ కన్నా ముందు ఆ వేళ్లే గుర్తుకొస్తాయి.

ఫిబ్రవరి 11, విజయవాడ ఆటోనగర్

మంగళగిరి దాటేసరికి కారు ముందు చక్రం దగ్గర టకటక చప్పుడు మొదలైంది. ఎలాగూ ఆటోనగర్ చూడాలనుకున్నాం కాబట్టి నేరుగా అక్కడికే పోనిచ్చాం. చెన్నై, కోల్‌కతా రహదారీ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రహదారీ కలిసే ఊరు విజయవాడ. లారీ ఆగే చోట లారీకి కావలసిన పనులన్నీ పుడతాయి. 1960లలో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌లో ఒక వీధి అంతా కమాన్ కట్టలు, ఒక వీధి అంతా రేడియేటర్లు, ఇంకో వీధిలో టైర్ల రీట్రెడింగ్, మరో వీధిలో లారీ బాడీలు కట్టే షెడ్లు.

మా మేస్త్రీ చక్రం ఊపి చూసి, అరిగిన బుష్ అని తేల్చి, కుర్రాణ్ణి పంపాడు. వాడు పది నిమిషాల్లో తెచ్చిన బుష్ కొలత కాస్త ఎక్కువైంది. మేస్త్రీ దాన్ని ఎదురుగా ఉన్న లేత్ షాపుకు పంపాడు. లేత్ ఆయన అరిచి ఒక కొలత అడిగాడు, ఈయన అరిచి చెప్పాడు. అర మిల్లీమీటరు తీసి పంపిన ముక్క సరిగ్గా కూర్చుంది. మొత్తం గంటంబావు, పదకొండు వందల రూపాయలు. హైదరాబాదులో అయితే ఆ ముక్క మొత్తం సెట్టుగా మార్చి, రెండు రోజులు కారు ఉంచుకునేవారు.

ఒకే పని చేసేవాళ్లు ఒకచోట తరతరాలుగా చేరితే ఆ పని మర్మాలు గాలిలో కలిసిపోయి, పిల్లలకు తెలియకుండానే అబ్బుతాయని ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 19వ శతాబ్దం చివర చెప్పాడు. రోడ్డుకు ఇటు ఒకరు అటు ఒకరు అరుచుకుని అర మిల్లీమీటరు సరిచేసుకోవడం చూశాక ఆ మాట నాకు కొత్తగా అర్థమైంది. అయితే బాడీ కట్టే షెడ్డులో పెద్దాయన మాత్రం దిగులుగా ఉన్నాడు. ఒకప్పుడు ఛాసిస్ వస్తే కేబిన్, చెక్క, రంగు, ముందు పెట్టే బొమ్మలు అన్నీ ఇక్కడే. ఇప్పుడు కేబిన్ కంపెనీ నుంచే బిగించి వస్తోంది. "చేతిలో పని ఉంది, చెయ్యడానికి బండి లేదు" అన్నాడాయన. ఊరంతా ఒకే పని మీద బతికితే, ఎక్కడో ఆ పని తీరు మారినరోజు ఊరంతా ఒకేసారి ఖాళీ అవుతుంది.

ఫిబ్రవరి 12, భీమవరం

కృష్ణా డెల్టా దాటి గోదావరి డెల్టాలోకి వచ్చాక చేలకన్నా చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల వరి నేల అయింది. ఆర్థర్ కాటన్ విగ్రహానికి ఇప్పటికీ ఊరూరా దండలు వేస్తారు. ఆ వరి మీద మిగిలిన డబ్బే తర్వాత చేపల చెరువుల్లోకి, అక్కడి నుంచి రొయ్యల్లోకి వెళ్లింది. 1990లలో టైగర్ రొయ్య తెల్లమచ్చల తెగులుకు తుడిచిపెట్టుకుపోయింది. 2009లో అనుమతి వచ్చిన వనామీ రకం ఈ ప్రాంతాన్ని మళ్లీ లేపింది. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం ఈనాడు ఆంధ్రప్రదేశ్‌దే.

మా బావమరిది పాత ఖాతాదారు ఒక రాజుగారి చెరువు గట్టు మీద సాయంత్రం గడిపాం. ఏరియేటర్లు నీళ్లను చిలుకుతుంటే ఆయన తాడు లాగి మేత తట్టను పైకి తీశారు. తట్టలో మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు గట్టిపడిందా అని టార్చిలైటు వెలుగులో చూశారు. పారదర్శకంగా ఉన్న ఆ రొయ్య వీపులో సన్నటి గోధుమరంగు గీత కనిపించింది. "ఈ గీత తెగకుండా ఉన్నన్నాళ్లూ మాకు నిద్ర పడుతుందండి, ఆయ్. కరెంటు గంట పోయినా గాలి అందక తెల్లారేసరికి తేలిపోతాయండి" అన్నారు.

ఇక్కడ లెక్కంతా కౌంటు మీద. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె తగ్గినకొద్దీ ధర పెరుగుతుంది. పిల్ల పుట్టించే తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో వస్తాయి, పెరిగిన రొయ్యలు తల తీసి, గడ్డకట్టించి పెద్ద భాగం మళ్లీ అమెరికాకే పోతాయి. అందుకే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ తగిలింది ఈ గట్ల మీదే. ఒక ఊరి మేత దుకాణం, ఐసు ఫ్యాక్టరీ, వల పట్టే కూలీ, ల్యాబు నడిపే కుర్రాడు అందరూ ఒకే తాడుకు కట్టి ఉన్నారని ఆ వారంలో తెలిసిందని రాజుగారు చెప్పారు.

రాత్రి వాళ్లింట్లో రొయ్యల ఇగురు, కొరమీను పులుసు, పక్కనే ముద్దపప్పు, ఆవకాయ. చాలు అంటే వినే ఆచారం అక్కడ లేదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించారు. మంచినీళ్లు మాత్రం క్యాన్ నీళ్లు. చుట్టూ కాలువలున్న ఊళ్లో ఇంటింటికీ నీళ్ల క్యాను కొనుక్కోవలసి రావడం నన్ను బాధపెట్టింది. చెరువుల నీరు కాలువల్లోకి, నేలలోకి చేరిన ఫలితమే ఇదని రాజుగారే ఒప్పుకున్నారు. ఆదాయం లెక్కల్లో ఆ క్యాను ఖర్చుకు చోటు ఉండాలి.

ఫిబ్రవరి 13, పాలకొల్లు, నరసాపురం

పొద్దున్న పాలకొల్లులో దిబ్బరొట్టె తిన్నాం. మందపాటి ఇనప మూకుడులో, సన్నటి నిప్పు మీద, పైన కూడా మూత వేసి కాల్చిన మినపరొట్టె అది. అడుగు కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. చెరకు పానకం పోసి ఇచ్చారు. ఇద్దరికీ కలిపి 140 రూపాయలు.

నరసాపురం లేసు చూడాలన్నది నా కోరిక. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు ఆడవాళ్లకు నేర్పిన అల్లిక ఇది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ పొగగొట్టం లేదు, షెడ్డు లేదు, సైరను లేదు. ఊరి పక్కనున్న ఒక వీధిలో మధ్యాహ్నం వేళ అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో కొక్కెం ఉన్న సన్నటి సూది, ఒళ్లో తెల్లదారం ఉండ. అదే పరిశ్రమ. లోకం లెక్కకు అందకుండా పోవడానికి కారణమూ అదే. వంట, పిల్లలు, పశువుల మధ్య దొరికిన ఖాళీలో చేసే పనిని ఇంట్లోవాళ్లు కూడా పని అనరు.

అరవై దాటిన ఒకామె నాకు ఒక పువ్వు అల్లి చూపించింది. ఉచ్చు వేసి, లాగి, మళ్లీ వేసి, వేళ్లు చూడకుండా నాతో మాట్లాడుతూనే అల్లింది. అరచేతిలో పట్టే ఆ పువ్వుకు ఇరవై నిమిషాలు పట్టింది. దారం ఏజెంటు ఇస్తాడు, దారం ఉండకు ఇంత అని కూలి ఇస్తాడు. సరుకు ఎక్కడికి వెళ్తుందో తెలుసా అని అడిగాను. "విదేశాలకంటండి. మా అమ్మప్పుడూ అలాగే అనేవారండి" అంది. అమ్మ నుంచి కూతురికి అరవై ఏళ్లుగా నైపుణ్యం వచ్చింది గానీ, కొనేవాడి ఊరు పేరు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. గుంటూరులో కొనేవాళ్లు వందమంది ఉండటం ఆదోని రైతుకు బలం. ఈ అరుగు మీదికి వచ్చే ఏజెంటు ఒక్కడే. పనితనం ఎంత గొప్పదైనా కొనేవాడు ఒక్కడైతే కూలి పెరగదు. ఆమె కూతురు భీమవరంలో రొయ్యలు ఒలిచే ప్లాంటుకు వెళ్తోంది. బస్సు వీధి చివరికే వస్తుందట, నెల జీతం ఇస్తారట. కూతురు లేసు పట్టుకోలేదని ఆమె కొంచెం నొచ్చుకుంది, కానీ తప్పు పట్టలేదు.

అల్లిన పువ్వుకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. నేను బలవంతం చేసి బల్లకు వేసే గుడ్డ ఒకటి కొన్నాను. ఎనిమిది వందలు అడిగింది, బేరం ఆడలేదు.

ఫిబ్రవరి 14, దారి తప్పి, కడియం

చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి వెళ్లాలనుకుని, మాట్లాడుకుంటూ మలుపు తప్పిపోయి రేవు దగ్గర తేలాం. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. వెనక్కి తిరగబోతుంటే కొబ్బరిబొండాల వ్యాను అతను, "పంటు వచ్చేత్తాందండి, ఎక్కేయండి" అన్నాడు. మా కారు, ఆ వ్యాను, పదిహేను మోటారు సైకిళ్లు, రెండు మేకలు కలిసి గోదావరి దాటాం. వంతెన పడ్డాక బరువు లారీలన్నీ అటు మళ్లాయనీ, రేవు ఒడ్డు హోటళ్లు ఒకటొకటిగా మూతపడ్డాయనీ ఆ వ్యాను అతను చెప్పాడు. ఊరికి ప్రాణం పోసేదీ దారే, తీసేదీ దారే అనిపించింది ఆ ఖాళీ బల్లలు చూస్తే.

అంబాజీపేటలో కొబ్బరికాయల రాశులు, రావులపాలెంలో అరటి గెలల లారీలు చూస్తూ, తాపేశ్వరం దాకా పోయి మడతకాజాలు కట్టించుకుని, ఎండ తగ్గేవేళకు కడియపులంక చేరాం. కనుచూపు మేర నర్సరీలే. మహారాష్ట్ర నంబరు లారీలోకి మామిడి అంట్లు ఎక్కిస్తున్నారు. ఒక కుర్రాడు గులాబీకి అంటు కడుతుంటే చూశాను: కొమ్మ మీద బ్లేడుతో చిన్న గాటు, అందులోకి గోరంత మొగ్గ, పైన ప్లాస్టిక్ పట్టీ. గోదావరి ఒండ్రు ఒక కారణమే గానీ, అలాంటి మట్టి ఈ నది ఒడ్డున ఇంకా ఎన్నో చోట్ల ఉంది. అలాంటి వేళ్లు ఒక్కచోటే ఇన్ని ఉండటం వల్లే ఇది కడియం అయింది. అక్కడ ఆ రాత్రికి కావలసిన కూలీలు దొరకడం లేదన్న మాట విన్నాను. ఆ మాట మిగిలిన ఏ ఊళ్లోనూ వినలేదు.

ఫిబ్రవరి 15, 16, పలాస

తుని, విశాఖ, శ్రీకాకుళం దాటి ఇంత దూరం రావడానికి కారణం జీడిపప్పు. పలాస, కాశీబుగ్గ జంట పట్టణాల్లో చిన్నా పెద్దా కలిపి రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. వీధిలోకి రాగానే జీడిపిక్క పెంకు కాలిన జిగట వాసన.

చుట్టూ ఉన్న ఉద్దానంలో జీడితోటలున్నాయి కాబట్టి పరిశ్రమ ఇక్కడ పుట్టింది. అయితే నేను చూసిన షెడ్డులో బస్తాల మీద అక్షరాలు వేరే దేశాలవి. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా వంటి దేశాల నుంచి పిక్కలు ఓడల్లో వస్తున్నాయి. తోట పిక్కకు ధర లేదని ఉద్దానం రైతు, 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇప్పించమని ఏళ్లుగా అడుగుతున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను వేళ్లతో సహా పడగొట్టింది. కొత్తగా వేసిన చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పిడుగురాళ్లలో బట్టీ రాయి దగ్గరికి వచ్చింది. ఇక్కడ పిక్క మూడు సముద్రాలు దాటి మనుషుల దగ్గరికి వచ్చింది, ఎందుకంటే ఈ పనికి రాయికన్నా బరువైనది మనిషి ఓపిక.

షెడ్డులో పిక్కను ఉడకబెట్టి, ఆరబెట్టి, కాలితో తొక్కే కత్తెర యంత్రం మీద పగలగొడతారు. పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు బూడిదో నూనో రాసుకుంటారు; అయినా ఒకామె అరచేతిలో నల్లటి మచ్చలు లోపలికి ఇంకిపోయి ఉన్నాయి. ఆ తర్వాత పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పైపొర తీస్తారు. చిన్న కత్తి మొనతో గీసి, బొటనవేలితో దొర్లిస్తే పొర ఊడుతుంది; జారితే గుండు విరిగి బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. ఏరే బల్ల దగ్గర పేర్లు 240, 320. పౌనుకు 240 గుండ్లు తూగితే 240 రకం, 320 తూగితే 320 రకం. భీమవరంలో కౌంటు గుర్తొచ్చింది. రెండు ఊళ్లూ తమ సరుకును దూరాన కొనేవాడు లెక్కపెట్టే అంకెతోనే పిలుచుకుంటున్నాయి.

పొర తీసే ఒకామెను రోజు కూలి ఎంతని అడిగాను. ఆమె చెప్పిన మొత్తం హైదరాబాదులో మా ఇంటి దగ్గర పావుకిలో జీడిపప్పు పొట్లానికి ఇచ్చే ధరకు కాస్త అటూ ఇటూగా ఉంది. తొమ్మిది గంటల పని, చాలా కిలోల పప్పు ఆమె చేతుల మీదుగా పోతుంది. నేను ఆ లెక్క ఆమెకు చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

2014 విభజన చట్టం తర్వాత వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక సాయం కోసం గుర్తించిన ఏడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అదే ఏడాది కొత్త రాజధాని విషయం చూడడానికి కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ అన్నీ ఒకే మహానగరంలో పోగుచెయ్యవద్దని, రాష్ట్రమంతా పంచమని సలహా ఇచ్చింది. హైదరాబాదును పోగొట్టుకున్న నొప్పితోనైనా ఆ మాట చెవికెక్కుతుందని అప్పట్లో నేను నమ్మాను. ఈ పన్నెండేళ్లలో చర్చంతా రాజధాని ఎక్కడన్న దాని చుట్టూనే తిరిగింది. పలాస లాంటి ఊరికి కావలసింది రాజధాని కాదు. పప్పును పొట్లం కట్టి సొంత పేరుతో అమ్ముకునే వీలు, పిక్కను దాచుకునే గిడ్డంగి, దాని మీద అప్పు ఇచ్చే బ్యాంకు. అంటే గుంటూరు మిరపకు దొరికినవి. అవి తేవడానికి మహానగరం కట్టినంత ఖర్చు కాదు.

మధ్యాహ్నం ఒక పూటకూళ్లింట్లో తోటకూర, పచ్చి జీడిపప్పు వేసిన పనసకాయ కూర పెట్టారు. "ఏటి బాబూ, అలా కతుకుతున్నారు, బాగులేదేటి?" అని ఆ పెద్దామె దగ్గర కూర్చుని మరీ తినిపించింది. ఇద్దరికీ 160 రూపాయలు తీసుకుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అడిగితే వీధిలో మూడిళ్లు వేలితో చూపించింది. 2023 చివర ఇక్కడే ఆసుపత్రి వచ్చాక విశాఖ దాకా పోయే బాధ తప్పిందని చెప్పింది. ఆమె ఇద్దరు కొడుకులూ హైదరాబాదులోనే.

సాయంత్రం స్టేషనుకు వెళ్లాం. సికింద్రాబాదు పోయే రైలు కోసం ప్లాట్‌ఫారం నిండా కుర్రవాళ్లు. వీపున సంచీ, చేతిలో రంగు డబ్బాల ఖాళీ బకెట్లు, బకెట్లలో పనిముట్లు, దుప్పటి, అటుకులు. ఒక కుర్రాడు మా పక్కన బల్ల మీద చోటిచ్చాడు. సెంట్రింగు పని అన్నాడు. ఇనుము వంచి, కట్టి, స్లాబు పోసేదాకా చూసుకుంటాడట. జీడి షెడ్డులో ఎందుకు చెయ్యవు అంటే, అది ఆడవాళ్ల కూలి అన్నాడు. వాళ్ల అమ్మ ఆ షెడ్డుల్లో ఒకదానిలోనే పొర తీస్తుంది. నిన్న రాత్రి ఆమె ఇచ్చిన బద్దల పొట్లం విప్పి మాకూ పెట్టాడు.

"మీరు హైదరాబాదులో ఎక్కడ సార్?" అని అడిగాడు.

చెప్పాను. వెంటనే ముఖం విప్పారింది. మా వీధి చివర పోయిన ఏడాది లేచిన ఇరవై అంతస్తుల భవనంలో పదమూడో స్లాబు దాకా అతనే ఇనుము కట్టాడట. దాని ముందున్న టీ బండి ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. రైలు వచ్చింది, జనరల్ పెట్టె ఆగకముందే ఎక్కి, కిటికీలోంచి బకెట్టు అందుకున్నాడు.